గ్రూపులో పరిచయమైనవాళ్లతో డిమ్‌సమ్ తిని, అటునుంచి అటే బజారు చేయడం ఎలా

మా గ్రూపు గోంగూర గింజల కోసం పుట్టింది. డాలస్ చుట్టుపక్కల పెరట్లో నాలుగు పాదులు పెట్టుకునే తెలుగువాళ్లం, ఎవరి దగ్గర ఏ విత్తనం ఉందో అడగడానికి వాట్సాప్‌లో చేరాం. రెండేళ్లు గడిచేసరికి ఎవరి బీరపాదుకు ఏ పురుగు పట్టిందో అందరికీ తెలుసు, ఒకరి మొహం ఇంకొకరికి తెలియదు. కలుద్దాం అని ఎవరో అనడం, ఎవరింట్లో అన్న దగ్గర మాట ఆగిపోవడం. ఇంట్లో అంటే మనవాళ్ల సంగతి తెలిసిందే కదా. పిలిచినావిడ రెండు రోజులు వంటింట్లోంచి బయటికి రాదు, వచ్చేవాళ్లు వట్టి చేతులతో రాలేక తలా ఒక స్వీట్ల డబ్బా మోసుకొస్తారు.

చివరికి ఒక శనివారం పొద్దున రిచర్డ్‌సన్‌లో గ్రీన్‌విల్ అవెన్యూ మీదున్న చైనాటౌన్ వైపు వెళ్లి డిమ్‌సమ్, అంటే చిన్న చిన్న బుట్టల్లో, పళ్లేల్లో వచ్చే చైనా తినుబండారాలు తిని, అక్కణ్నుంచి 75 హైవే ఎక్కి ప్లేనోలోని 99 రాంచ్ అనే పెద్ద చైనీస్ బజార్లో కూరలూ చేపలూ కొనుక్కుందాం అనుకున్నాం. ఇప్పటికి నాలుగుసార్లు అయింది. మొదటిసారి చేయగలిగిన తప్పులన్నీ నేనే చేశాను, అందుకే ఇది రాసే అర్హత నాకుందనుకుంటున్నాను. మీది వేరే ఊరైనా పద్ధతి ఇదే. డిమ్‌సమ్ హోటలొకటి, దాని దగ్గరలో పెద్ద చైనీస్ బజారొకటి ఉంటే చాలు.

డిమ్‌సమ్మే ఎందుకంటే, బిర్యానీకి వెళ్తే ఎవరి ప్లేటులోకి వాళ్లు తల వంచుకుంటారు. ఇక్కడ ఎవరి ప్లేటూ వాళ్లది కాదు. ఆవిరి బుట్టలో మూడో నాలుగో ముక్కలొస్తాయి, టేబుల్ మధ్యలో తిరిగే పళ్లెం మీద పెడతారు, అందరూ తలా ఒకటి తీసుకోవాలి. కొత్తవాళ్ల మధ్య మాట దొరకనప్పుడు "అందులో ఏముందంటారు?" అన్నదే మాట. అయినా నా అనుభవంలో అసలు స్నేహం హోటల్లో కుదరదు, బజార్లో కుదురుతుంది. అందుకని తిండి గంటన్నరలో ముగించి, బజారుకు రెండు గంటలు ఉంచుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మనుషులు, రోజు, టైం

ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా చాలు. గుండ్రటి పెద్ద టేబుల్‌కి అంతమందే సుఖంగా పడతారు. పన్నెండు మంది అయితే రెండు టేబుళ్లు, రెండు టేబుళ్లయితే రెండు పార్టీలు.

"ఎప్పుడు వీలవుతుంది?" అని గ్రూపులో అడగకండి. ఆ ప్రశ్నకు మా గ్రూపులో 64 మెసేజ్‌లు వచ్చాయి, తేదీ మాత్రం రాలేదు. రెండు తేదీలు మీరే చెప్పి పోల్ పెట్టండి. పోల్ పెట్టేముందు పంచాంగం చూడండి, ఇది జోకు కాదు. శనివారాలు నీచు ముట్టనివాళ్లు ఉంటారు, కార్తీక మాసం మొత్తం ముట్టనివాళ్లు ఉంటారు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఉంటారు. మాలో ఇద్దరికి శనివారం నియమం ఉందని తెలిశాక రెండోసారి నుంచి ఆదివారానికి మార్చాం. ఆదివారం జనం ఎక్కువ, తప్పదు.

డిమ్‌సమ్ పొద్దుటి పూట తిండి. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టీ కొట్లలో టీతో పాటు చిన్న చిన్న తినుబండారాలు పెట్టే అలవాటులోంచి వచ్చింది. అందుకే ఇప్పటికీ కాంటనీస్ వాళ్లు డిమ్‌సమ్‌కి వెళ్దాం అనరు, "యమ్ చా" అంటారు, టీ తాగుదాం అని అర్థం. చాలాచోట్ల మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఆపేస్తారు. వారాంతంలో పదకొండు దాటితే గుమ్మం బయట నిలబడాలి. పదిన్నరకు చేరండి. అందరూ, కనీసం సగానికి పైగా, వచ్చేదాకా టేబుల్ ఇవ్వని హోటళ్లు ఎక్కువ. మనవాళ్లకు పదిన్నర అని చెబితే పది ముప్పావుకు వస్తారు కాబట్టి గ్రూపులో పదింబావు అని రాయండి. ఈ సంగతి నేను బయటపెట్టినందుకు మా గ్రూపులో ఇక ముందు పని చేయకపోవచ్చు.

తిండి సంగతి విడివిడిగా అడగండి

అందరి ముందు అడిగితే అందరూ "నాకేదైనా ఓకే అండీ" అంటారు. అది మర్యాద, సమాచారం కాదు. ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ పెట్టి నాలుగే అడగండి: పోర్క్ తింటారా, బీఫ్ తింటారా, రొయ్యలు పీతలు పడతాయా, గుడ్డు సంగతేంటి. వేరుశెనగ, నువ్వుల ఎలర్జీ ఉంటే అది ఐదోది.

ఎందుకింత పట్టుదల అంటే, డిమ్‌సమ్‌లో పోర్క్ పైకి కనబడని చోట కూడా ఉంటుంది. హార్ గావ్ అంటే రొయ్యల ముద్ద, కానీ మెత్తదనం కోసం చాలామంది కాస్త పంది కొవ్వు కలుపుతారు. సియూ మాయ్ అని పైన తెరిచి ఉండే ముద్దలొస్తాయి, వాటిలో పోర్కూ రొయ్యా రెండూ ఉంటాయి. లో బక్ గో అని ముల్లంగి అట్టు వస్తుంది, పేరు విని శాకాహారం అనుకుంటాం, లోపల ఎండు రొయ్యలూ చైనీస్ సాసేజ్ ముక్కలూ ఉంటాయి. తామరాకులో చుట్టిన జిగురన్నం చికెన్‌దే అయినా దాంట్లోనూ సాసేజ్ తగులుతుంది. ఆకుకూర మీద పోసే నల్లటి సాస్ చాలాసార్లు ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల రసం.

మొదటిసారి మా నెల్లూరు అక్క, పూర్తి శాకాహారి, నా మాట నమ్మి ముల్లంగి అట్టు ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఏమీ అనలేదు. నాప్కిన్‌లోకి తీసేసి, నీళ్లు తాగి, "మీరు తినండమ్మా" అంది. ఆ మాట నాకింకా గుర్తుంది.

శాకాహారులకు ఏమీ ఉండదని కాదు. వెల్లుల్లి వేసి వేయించిన గాయ్ లాన్ అనే చైనా ఆకుకూర అడగండి, ఆయిస్టర్ సాస్ వద్దని ముందే చెప్పండి. వేయించిన పిండి కడ్డీని బియ్యప్పిండి పొరలో చుట్టి ఇచ్చే జా లియూంగ్ ఉంటుంది, పైన చల్లేది ఏమిటో అడిగి తీసుకోండి. ఉప్పూ మిరియాలూ వేసిన టోఫు, అంటే సోయా పనీర్, ఉంటుంది. నువ్వులద్ది వేయించిన జిగురు బియ్యప్పిండి ఉండలు, లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, మన పూర్ణం బూరెకు పెద్దమ్మ కూతురు వరస. నూనె ఏది వాడతారో అదీ అడగాలి. చివర్లో అల్లం పాకంలో వేసిన మెత్తటి టోఫు, టోఫు ఫా అంటారు. మామిడి పుడ్డింగ్‌లో జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది కాబట్టి ఒప్పుకోని వాళ్లకు వద్దు. హలాల్ మాత్రమే తినే మిత్రులుంటే మాత్రం సర్దుకోమని అడగకండి. పోర్క్ ఇంతగా నడిచే వంటింట్లో వాళ్లకు ఇబ్బందే. హలాల్ అని రాసిపెట్టుకున్న చైనీస్ హోటలో, మలేషియా హోటలో చూసుకుని ప్లాన్ మార్చేయండి.

ఇంకొకటి. మంచూరియా అడగకండి. అది మన దేశంలో పుట్టిన వంట, మన ఊళ్లో బండి దగ్గర దొరికే చైనా వేరు, ఇది వేరు. మా కరీంనగర్ తమ్ముడు ఆ మాట అడిగితే వెయిటరమ్మ పాపం మూడుసార్లు మెనూ తిరగేసింది.

ముందు మాట్లాడుకోవాల్సిన చిన్న విషయాలు

తెరమీద పేర్లు చూసి వయసు ఊహించకండి. రెండేళ్లపాటు నేను "బ్రో" అని పిలిచిన మనిషి తీరా చూస్తే రిటైరైన పెద్దాయన, చొక్కా జేబులో కళ్లజోడు పెట్టుకుని వచ్చారు. అక్కడికక్కడే "బాబాయ్‌గారూ" అయిపోయారు. ఆయనకు బ్రోనే నచ్చిందట, అది వేరే సంగతి.

ఎవరి కార్లో వాళ్లు రండి. ముఖ్యంగా ఆడవాళ్లు మొదటిసారి కలిసేటప్పుడు ఇంటి అడ్రసు ఇవ్వక్కర్లేదు, ఎక్కించుకుంటామన్నా మొహమాటపడక్కర్లేదు. ఇంట్లో ఒకరికి చెప్పి, లొకేషన్ పంపి రండి. పిలిచేవాళ్లు ఈ మాట ముందే గ్రూపులో రాసేస్తే, అడగడానికి సందేహించేవాళ్లకు ఊరట. ఫోటోల సంగతి కూడా అంతే. తిండి ఫోటోలు ఎన్నైనా, మొహాలున్నవి అడిగే పెట్టాలి.

రాలేనివాళ్లు వీడియో కాల్ చేయమంటారు. మా గ్రూపులో ఇద్దరు హైదరాబాద్ వెళ్లిపోయారు, వాళ్ల గోల ఇదే. తింటున్నప్పుడు ఫోన్ ఎత్తారంటే టేబుల్ చచ్చిపోతుంది. టేబుల్ కోసం నిలబడే పావుగంటలో చేయండి. ఎండాకాలంలో ఇక్కడ పొద్దున పది ముప్పావు అంటే అక్కడ రాత్రి తొమ్మిదింబావు, వాళ్లూ అన్నాలు తిని కూర్చుని ఉంటారు.

టేబుల్ దగ్గర

కూర్చోగానే ఏ టీ అని అడుగుతారు. తెల్లమొహం వేయకుండా ఒకటి చెప్పండి. మల్లెపూల వాసనది జాస్మిన్, ఎర్రమట్టి వాసనతో ముదురుగా ఉండేది బో లే, చామంతి పూలది గుక్ ఫా. నూనె తిండికి బో లే బాగుంటుంది. పాలు, చక్కెర అడగొద్దు. టీ ముందు పక్కవాళ్లకు, పెద్దవాళ్లకు పోసి ఆఖర్న మీరు పోసుకోవాలి. మీకెవరైనా పోస్తుంటే రెండు వేళ్లతో టేబుల్ మీద మెల్లగా తట్టండి, అది థాంక్స్. చియెన్‌లాంగ్ అనే చైనా చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ సేవకుడికి టీ పోశాడనీ, గుట్టు బయటపడకుండా ఆ సేవకుడు వేళ్లు వంచి మొక్కాడనీ కథ చెబుతారు. కూజా ఖాళీ అయితే మూత పక్కకు జరిపి పెట్టండి, అరవక్కర్లేకుండా నింపేస్తారు.

తోపుడు బండ్లు తిప్పే హోటలైతే బండి పక్కకు వచ్చినప్పుడు చూసి తీసుకోవచ్చు, టేబుల్ మీదున్న కార్డు మీద ముద్ర వేసుకుంటూ పోతారు. బండ్లు లేనిచోట కాగితం మీద పెన్సిల్‌తో టిక్ పెట్టాలి. కొత్తవాళ్లకు బండే మేలు, కళ్లతో చూసి అడగొచ్చు. ఆర్డర్ చెప్పే పని ఒక్కరికే అప్పగించండి. ఏడుగురూ ఏడు వైపుల నుంచి చెబితే రొయ్యలవి ఐదు బుట్టలొస్తాయి, ఆకుకూర రాదు. తలకు మూడు ప్లేట్ల చొప్పున లెక్క వేసుకుని, ముందు అందులో సగమే చెప్పండి. నాలుగు ముక్కల బుట్టకు ఏడుగురు ఉంటే రెండు బుట్టలు, అంతే. ఆ చివరి ముక్క మీద "మీరు తీసుకోండి, అబ్బే మీరు" అంటూ పది నిమిషాలు పోతాయి, వదిలేయండి, ఎవరో ఒకరు లొంగుతారు.

హార్ గావ్ తినేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. గోధుమ గంజి పిండితో చేసిన పొర అది, ఉడికాక అద్దంలా అవుతుంది. లోపలి రొయ్య గులాబీ రంగు బయటికి కనిపిస్తుంది. వేడి తగ్గే కొద్దీ పొర బుట్ట అడుగున కాగితానికి అంటుకుపోతుంది, లాగితే చిరిగి రొయ్య బుట్టలో, పొర మీ చేతిలో. అందుకని రాగానే తీసుకోండి, కబుర్లు తర్వాత. చాప్‌స్టిక్స్ రాకపోతే ఫోర్క్ అడగడానికి సిగ్గెందుకు? వచ్చినవాళ్లు మాత్రం వాటిని అన్నంలో నిలువుగా గుచ్చకండి, చనిపోయినవాళ్ల ముందు అగరొత్తులు గుచ్చినట్టు ఉంటుందని వాళ్లకు అపశకునం.

మనకున్న పెద్ద పట్టింపు ఎంగిలి. నోట్లో పెట్టుకున్న పుల్లలతోనే బుట్టలో చేయి పెడితే ఎవరో ఒకరు మెల్లగా తినడం మానేస్తారు, కారణం చెప్పరు. కూర్చోగానే వడ్డించడానికి విడిగా ఒక జత పుల్లలు, ఒక గరిట అడిగి తిరిగే పళ్లెం మీద పెట్టేయండి. ఒకరి పేరు చెప్పి అడగక్కర్లేదు, అందరికీ పనికొస్తుంది.

కోడికాళ్లు వస్తాయి. బుట్ట మూత తీయగానే టేబుల్ రెండుగా చీలిపోతుంది. మా బాబాయ్‌గారు నాలుగూ ఒక్కరే తిని, ఎముకలు వరసగా పేర్చి, "చిన్నప్పుడు మా అమ్మ పులుసు పెట్టేది" అన్నారు. ఆ మాట తర్వాత ఎవరూ నోరు మూయలేదు.

బిల్లు

"నేనిస్తాను, కాదు నేనిస్తాను" అన్న కుస్తీ మనకూ ఉంది, చైనీస్ వాళ్లకూ ఉంది. రాకముందే సమానంగా పంచుకుందాం అని గ్రూపులో రాసేయండి. శాకాహారులు తక్కువ తింటారు కాబట్టి వాళ్ల వాటా తగ్గించడం న్యాయం, దాన్ని కూడా మీరే ముందు అనాలి, వాళ్లు అనలేరు.

బిల్లులో టిప్పు కలిపారో లేదో చూడండి. పెద్ద గుంపులకు 18 శాతం వాళ్లే కలిపే హోటళ్లు చాలా ఉన్నాయి, కింద ఇంకో టిప్పు గీత కూడా ఉంటుంది. మొదటిసారి నేను హడావుడిలో రెండుసార్లు ఇచ్చాను, తప్పు నాదే, చూసుకోలేదు. లెక్క ఇలా ఉంటుంది. తిండి 168 డాలర్లు అనుకోండి. రిచర్డ్‌సన్‌లో పన్ను 8.25 శాతం, అంటే 13.86. టిప్పు 18 శాతం, 30.24. మొత్తం 212.10. ఏడుగురికి తలా 30.30. ఒకరు కార్డు గీకి, అక్కడే కూర్చుని ఉండగానే మిగతావాళ్లను జెల్‌లో, అంటే ఫోన్‌లో బ్యాంకు నుంచి బ్యాంకుకు, డబ్బు పంపమని అడగండి. ఇంటికెళ్లాక అడగడం టెన్షన్, గుర్తుచేయడం ఇంకా టెన్షన్.

ఇక బజారు

99 రాంచ్‌ని 1984లో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో రోజర్ చెన్ మొదలుపెట్టాడు. ఇలాంటి కొట్టు మీ ఊళ్లో ఏ పేరుతో ఉన్నా ఫర్వాలేదు, లోపలి అమరిక దాదాపు ఒకటే. గుమ్మం దగ్గర పళ్లు, పక్కన కూరలు, వెనక గోడకు చేపలు, మధ్యలో సీసాలు, సంచులు.

లోపలికి వెళ్లేముందు ఇద్దరికొక కార్ట్ చొప్పున జతలు చేయండి. అసలు కిటుకు ఇదే. గ్రూపులో బాగా కబుర్లు చెప్పేవాళ్లనూ అస్సలు మాట్లాడనివాళ్లనూ జత కలపండి. టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చుని మొహం చూస్తూ మాట్లాడాలంటే కొందరికి బెరుకు. పక్కపక్కన నడుస్తూ, చేతిలో కాకరకాయ తిప్పుతూ మాట్లాడటం తేలిక. రెండేళ్లలో గ్రూపులో పది మాటలు కూడా రాయని ఒకామె వంకాయల దగ్గర నిలబడి వాళ్ల అత్తగారి గురించి ముప్పావుగంట చెప్పింది నాకు.

కూరల దగ్గర ఇంగ్లీషు బోర్డులు నమ్మకండి, కాయను చూడండి. చైనీస్ ఓక్రా అని రాసి ఉన్నది బెండకాయ కాదు, మన బీరకాయ. గీతలు లేకుండా నున్నగా ఉన్నది నేతిబీర. ఓపో అంటే సొరకాయ. వింటర్ మెలన్ బూడిద గుమ్మడి, చెక్కలు చెక్కలుగా కోసి అమ్ముతారు, కాబట్టి వడియాలకు కొన్నట్టు పెద్ద కాయ కొనక్కర్లేదు, దప్పళానికి ఒక చెక్క చాలు. నూగుతో ఉండే మో క్వా కూడా అదే జాతి లేతకాయ. యిన్ చోయ్ తోటకూర, ఎర్రజీర ఉన్నదీ దొరుకుతుంది. సాన్ చోయ్ బచ్చలి. చామదుంపలు రెండు రకాలు ఉంటాయి. పిడికెడంత చిన్నవి పులుసుకు, బుర్రంత పెద్దది వేపుడుకు. పొడుగు చైనా వంకాయ గింజ తక్కువ, వేపుడుకు దివ్యంగా ఉంటుంది, గుత్తివంకాయకు పనికిరాదు. తొడిమ దగ్గర కండ లేదు, కూరితే చిట్లుతుంది. కాకరకాయ లేత ఆకుపచ్చగా, నున్నటి బొడిపెలతో ఉంటుంది, మనదానికన్నా నీరెక్కువ. వేయించేముందు ఉప్పు రాసి పిండాలి.

పనసకాయ డబ్బాలు కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఉప్పునీళ్లలో వేసిన లేతకాయ కూరకు, చక్కెర పాకంలో వేసినవి పండు తొనలు. రెండు డబ్బాల మీదా బొమ్మ ఒకేలా ఉంటుంది. పనసపొట్టు కూరకని పాకం డబ్బా తెచ్చిన మనిషి ఇది రాస్తున్నది. టోఫులో సిల్కెన్ అన్నది పెరుగులా జారుతుంది, కూరలో పనీర్ బదులు కావాలంటే ఎక్స్‌ట్రా ఫర్మ్ తీసుకోండి. సోయా సాస్ లైట్ ఉప్పుకు, డార్క్ రంగుకు. 1888లో మొదలైన లీ కుమ్ కీ వాళ్లది పుట్టుకే ఆయిస్టర్ సాస్‌తో, ఇప్పుడు పుట్టగొడుగులతో చేసిన శాకాహార రకం కూడా అదే అరలో ఉంటుంది. శాకాహారుల జతకు అది చూపించండి. ఫ్రీజర్లో అరటాకులు ఉంటాయి, పండగలకు కావాలి, కరిగించి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

చేపల దగ్గర

ఇది ఆఖరు. ముందే కొంటే గంటన్నర కార్ట్‌లో వేడెక్కుతుంది. నెంబరు చీటీ తీసుకుని నిలబడాలి. కన్ను ఉబ్బి మెరుస్తుందా, చెవి ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉందా, మనకు తెలిసిన పరీక్షలే. చందువా అడిగితే గోల్డెన్ పాంపనో చూపిస్తారు, చూపుకు చందువాలాగే ఉంటుంది, పొట్ట కింద పసుపు, జాతి వేరు. వేపుడుకు బాగానే ఉంటుంది, పులుసులో మాత్రం ఆ రుచి రాదు. వంజరం కావాలంటే కింగ్ మాకరెల్ అడగండి.

కొరమీను కోసం మా కరీంనగర్ తమ్ముడు ప్రతిసారీ తొట్లన్నీ వెతుకుతాడు. తెలంగాణ రాష్ట్ర చేప కదా అని వాదన. బతికిన కొరమీను ఈ దేశంలో దొరకదు. వాగుల్లో పడితే ఇక్కడి చేపల్ని తినేస్తుందని 2002లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ జాతిని హానికరమైనవాటిలో చేర్చి, బతికినవి దిగుమతి చేసుకోకుండా ఆపేసింది. ఫ్రీజర్లో స్నేక్‌హెడ్ అన్న పేరుతో గడ్డకట్టినది ఒక్కోసారి కనిపిస్తుంది.

కోసే పద్ధతికి చాలా కొట్లలో గోడ మీద నెంబర్ల బోర్డు ఉంటుంది: పొలుసు తీయడం, పొట్ట శుభ్రం చేయడం, ముక్కలు కొట్టడం. పులుసుకు అడ్డంగా ముక్కలు కావాలి, ఎంత మందమో వేలితో చూపించండి, మాటలకన్నా వేలు బాగా పని చేస్తుంది. తలకాయ కావాలని నోరు తెరిచి చెప్పండి, లేకపోతే చెత్తలోకి పోతుంది. ఒకే పెద్ద చేప కొని పంచుకుంటే తలకాయ ఎవరిదో కొనకముందే తేల్చుకోండి.

డిక్కీలో ఐసు పెట్టె పొద్దున్నే పెట్టుకుని రావాలి. పచ్చి చేప, మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటే. డాలస్ జులైలో 100 మామూలు, మూసిన కార్లో ఇంకా ఎక్కువ. నేను మొదటిసారి పెట్టె లేకుండా రెండు చేపలు డిక్కీలో పడేసి, పార్కింగ్‌లో నిలబడి ముప్పావుగంట కబుర్లాడాను. చేపలు పారేశాను, వాసన మాత్రం వినాయక చవితి దాకా ఉంది. మా ఆయన ఇప్పటికీ ఆ కారు అద్దాలు దించే తోలతాడు.

పార్కింగ్‌లో పంపకాలు

పెట్టెల లెక్కన కొన్నవి ఇక్కడ పంచుకోవాలి. మెక్సికో నుంచి వచ్చే పసుపు మామిడిపళ్ల పెట్టె, పచ్చిమిర్చి పెద్ద సంచి, అల్లం, నిమ్మగడ్డి కట్టలు ఇద్దరు ముగ్గురు కలిసి కొంటేనే గిట్టుబాటు. వండని సరుకులకు టెక్సస్‌లో పన్ను లేదు కాబట్టి లెక్క తేలిక. ఖాళీ సంచులు నాలుగు ఎక్కువ తెచ్చుకోండి. చేపలు పెట్టెలోకి వెళ్లాకే ఇదంతా.

మాలాగా మొక్కల గ్రూపైతే విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఇక్కడే. కవర్ల మీద పేరు, ఏ ఏడాదివో రాయండి, ఇచ్చినవాళ్ల పేరు కూడా. పోయినసారి నా చేతికి పేరు లేని కవరొకటి వచ్చింది. దోస అనుకుని ఫెన్స్ పక్కన పెట్టాను. తీగ పక్కింటివాళ్ల వైపు దాకా పాకి, మూడు బూడిద గుమ్మడికాయలు కాసింది. ఆ గింజలెవరివో గ్రూపులో నాలుగుసార్లు అడిగాను, ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.